ఒక పట్టీ ఎక్కువ

బరువు విషయంలో నిజం చెప్పే డ్రైవరు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదని పట్టీల మేస్త్రీ నమ్మకం. ఒకవేళ పుట్టినా తన షెడ్డు వైపు మాత్రం రాలేదనేవాడు.

బండి వెనక ఇరుసుకు అటొకటి ఇటొకటి, ఉక్కు పట్టీలను ఒకదాని కింద ఒకటి పేర్చి, విల్లులా వంచి బిగించిన కట్టలుంటాయి. కమాన్ కట్టలంటారు వాటిని. బండి మోసే బరువంతా వాటి మీదే. విరిగిన పట్టీ తీసి కొత్తది వేయడం, నీరసపడి చదునైపోయిన పట్టీని కొలిమిలో కాల్చి మళ్ళీ వంపు తేవడం, పెద్ద బరువులు మోయాలనో లాగాలనో వచ్చినవాళ్ళకు అదనంగా పట్టీలు వేసి కట్టను గట్టి చేయడం, ఇదే ఆయన పని. మీసాలు రాకముందు పట్టిన సుత్తి మీసాలు నెరిసినా దించలేదు. అసలు పేరు కట్టుకున్న పెళ్ళాం కూడా మరిచిపోయిందని వీధిలో వాళ్ళు వేళాకోళమాడేవారు. అందరికీ పట్టీల మేస్త్రీయే.

బండి వచ్చి ఆగగానే ఆయన అడిగే మొదటి మాట ఒక్కటే. "ఎంత బరువేస్తావు?"

"ఎంతో లేదు మేస్త్రీ. కొంచెమే," అనేవాడు డ్రైవరు, ఎటో చూస్తూ.

మేస్త్రీ వాదించేవాడు కాదు. "అలాగే నాయనా," అని నవ్వి, బండి కిందకు దూరేవాడు. పాత కట్ట ఎంత కుంగిందో, పట్టీలు ఒకదాన్నొకటి ఎక్కడ రాసుకుని మెరుస్తున్నాయో, చక్రం పైరేకుకు ఎక్కడ ఒరుసుకుందో చూస్తే చాలు, వాడు దాచిన బరువంతా ఆయన కళ్ళకు కట్టేది. అయినా ఆ చూపును కూడా ఆయన పూర్తిగా నమ్మేవాడు కాదు. తేలిన లెక్క మీద ఇంకొక పట్టీ వేసేవాడు. అదే ఆయన పద్ధతి. "మనిషి దాచేది ఎప్పుడూ మనకు తెలిసినదాని కంటే ఎక్కువే ఉంటుంది" అనేవాడు. ఆయన చేతి కట్ట దారిలో విరిగిందని ఎవరూ తిరిగి రాలేదు. ఆ మాట ఆయన చెప్పుకుంటే డాంబికం అనుకోవచ్చు గాని, గిట్టనివాళ్ళు కూడా అదే చెప్పేవారు.

షెడ్డులో సగమే ఆయనది. మిగతా సగం ఆయన భార్యది. ఆవిడ బండ్లకు సీట్లు కుట్టేది. ఇటు కొలిమి, దాగలి, మసి. అటు రెక్సిన్ చుట్టలు, నురుగు దిళ్ళు, లావు సూది ఆడే కుట్టుమిషను. మధ్యలో గోడ లేదు, ఒక పాత టార్పాలిన్ తెర ఉండేది. దాని అవతలి నుంచి ఆవిడ వేసే చురకలు సుత్తి దెబ్బల మధ్య సందు చూసుకుని మరీ ఇవతలికొచ్చేవి.

"ఈయన బండ్లను బండరాళ్ళు చేస్తాడు. ఆ రాళ్ళ మీద కూర్చునేవాళ్ళ నడుములు విరక్కుండా నేను మెత్తలు కుడతాను. కలిసి బతుకుతున్నాం," అని వచ్చినవాళ్ళతో చెప్పి నవ్వేది. ఆవిడ కుట్టుకు ఒక గుర్తుంది. రెండు వరసలు దగ్గర దగ్గరగా వేసి, చివర దారాన్ని మూడు మెలికలు తిప్పి లోపలికి తోసేసేది. కింద తీసి చూస్తే తప్ప ముడి ఎక్కడుందో కనబడదు.

వాళ్ళకు పిల్లల్లేరు. ఆవిడ తమ్ముడున్నాడు. తల్లి పోయేనాటికి వాడికి నడక కూడా సరిగా రాలేదు. అక్క చంకనేసుకుని కాపురానికి తెచ్చుకుంది. బండి నడపడం వచ్చాక వాడికి నిదానం అని పేరొచ్చింది, ఎందుకంటే వాడి వెనక పడిన బండ్లవాళ్ళు హారన్లు కొట్టి కొట్టి విసిగిపోయేవారు. ఎదురుగా కోడిపిల్ల ఉన్నా ఆగి, అది దాటాక అటూ ఇటూ చూసి కదిలే రకం. వాడికో పికప్ బండి ఉంది. దానితో ఇళ్ళ సామాన్లు తోలి తోలి విసుగెత్తి, జనరేటరు బిగించిన పెద్ద ట్రైలరొకటి కొన్నాడు. కట్టడాలు జరిగే చోట, కరెంటు లేని చోట, దాన్ని బండి వెనక తగిలించుకుని వెళ్ళి అద్దెకివ్వాలని వాడి ఆశ.

ట్రైలరు కొక్కెం తగిలించగానే బండి ముక్కు ఆకాశంలోకి లేచింది. వెనక భాగం కూలబడిపోయింది.

"బావా, దీని సంగతి చూడవా?" అన్నాడు నిదానం.

"బరువెంత?"

"నీకు కూడా అబద్ధం చెప్తానా! ఇదిగో ట్రైలరు. నువ్వే చూసుకో."

జీవితంలో మొదటిసారి ఒక డ్రైవరు మేస్త్రీకి నిజం చెప్పాడు. ఆ ఆనందంలో ఆయన ఆ బండిని పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసినట్టు చేశాడు. పాత కట్టలు పూర్తిగా విప్పేశాడు. మందపాటి కొత్త పట్టీలు ఏరి, ఒక్కొక్కదాన్ని కొలిమిలో ఎర్రగా కాల్చి, వంపు పట్టి, నూనెలో చల్లార్చాడు. కట్ట పైన, బరువు పడినప్పుడు మాత్రమే ఆనుకునేలా అదనపు పట్టీలు వేశాడు. కట్ట చివర్లలోని బుష్‌లు మార్చాడు, కట్టను ఇరుసుకు బిగించే యూ బోల్టులు లావువి తెచ్చాడు. అన్నీ అయ్యాక, అలవాటు చొప్పున, ఒక పట్టీ ఎక్కువ వేశాడు. తెర అవతల ఆవిడ ముదురు ఎరుపు రెక్సిన్‌తో బండికి కొత్త సీటు కుట్టింది.

ట్రైలరు తగిలించి చూసిన రోజున బండి వెనక భాగం వేలెడు కూడా కుంగలేదు. వీధిలో వాళ్ళంతా వచ్చి చూశారు. మేస్త్రీ మాటిమాటికీ వంగి కట్టలను తడుముతూ, బండి చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు.

"ఇంక చాలు, దిష్టి తగులుతుంది," అంది ఆవిడ. "నా చుట్టూ ఒక్కనాడైనా ఇలా తిరిగావా?"

"నువ్వు బరువు లాగుతానంటే తిరిగేవాణ్ణి."

"ఇన్నేళ్ళుగా నిన్ను లాగడం లేదూ!"

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా మేస్త్రీ నవ్వాడు.

ఆ ఏడాదిలోనే ఆవిడకు నడుంనొప్పి మొదలైంది. మిషను ముందు వంగి కూర్చుంటే ఎవరికి రాదు? నూనె రాసుకుంది, వేడినీళ్ళ కాపడం పెట్టుకుంది. తర్వాత మిషను దగ్గర కూర్చోలేకపోయింది. తర్వాత ఎక్కువసేపు నిలబడలేకపోయింది. ఆసుపత్రిలో రకరకాల ఫోటోలు తీసి, వెన్నుపూసలకు పట్టిన రోగమనీ, ఎముకను లోపల నుంచి తినేస్తోందనీ చెప్పారు. వారం వారం పెద్దాసుపత్రికి తీసుకురమ్మన్నారు. అది పొద్దున బయల్దేరితే ఎండెక్కాక చేరే దూరం.

అద్దె కారు మాట్లాడతానన్నాడు మేస్త్రీ. ఆవిడ ససేమిరా అంది. "ఇంట్లో తమ్ముడి బండి పెట్టుకుని ఊళ్ళో వాళ్ళ బండెక్కుతానా? నువ్వు చేసిన కట్టలు, నేను కుట్టిన సీటు, వాడు నడిపే తీరు. ఇంతకంటే ఏం కావాలి?"

అలా మొదలయ్యాయి ఆ ప్రయాణాలు. ట్రైలరు విప్పి షెడ్డు పక్కన నిలిపేవారు. నిదానం నడిపేవాడు, మధ్యలో మేస్త్రీ, తలుపు పక్కన ఆవిడ.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పెద్ద బరువు కోసం గట్టి చేసిన కట్ట ఖాళీ బండికి పగవాడితో సమానం. బరువుంటేనే అది వంగుతుంది. బరువు లేకపోతే బిగదీసుకుని నిలబడి, చక్రానికి తగిలిన ప్రతి రాయినీ పైనున్న మనిషి వెన్నులోకి పంపిస్తుంది. ఈ సంగతి మేస్త్రీకి తెలియదా? వచ్చిన ప్రతివాడికీ తానే చెప్పేవాడు. "ఖాళీగా పోయేటప్పుడు నెమ్మదిగా పో నాయనా, లేకపోతే ఎగరేసి కొడుతుంది," అనేవాడు. తన పక్కన కూర్చున్న మనిషి వెన్నుపూసలు గుల్లబారాయని కూడా తెలుసు. అందుకే మొదటి ప్రయాణంలోనే అడిగాడు.

"కుదుపులకు నొప్పిగా ఉందా?"

"కొంచెమే," అంది ఆవిడ, కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఆయన నమ్మాడు.

ఏం చెప్పమంటారు! ఆ మాట డ్రైవర్ల నోట వెయ్యిసార్లు విని, ఒక్కసారి కూడా నమ్మని మనిషి ఇంట్లో వింటే నమ్మేశాడు. అచ్చం వాళ్ళలాగే అంది, వాళ్ళలాగే ఎటో చూస్తూ అంది. అయినా ఆయనకు తట్టలేదు. ఆ తర్వాత వారం అడిగితే అదే జవాబు, ఆ పై వారమూ అదే. ఆయన ఊపిరి పీల్చుకుని, దారిలో కనబడ్డ లారీల కట్టలు ఎలా కుంగాయో ఆవిడకు చూపించేవాడు. ఆవిడ ఊ కొట్టేది. తనకు అవతలి వైపున, తలుపుకూ సీటుకూ మధ్య ఆవిడ చెయ్యి ఏం చేస్తోందో ఆయనకు కనబడేది కాదు.

కొత్త కట్ట వేసిన బండి కొన్నాళ్ళు తిరిగాక మళ్ళీ షెడ్డుకు రావాలి. ఇనుము సర్దుకుంటుంది, యూ బోల్టులు వదులవుతాయి, వాటిని ఇంకోసారి బిగించాలి. నిదానం ఆ పనిని రేపు మాపంటూ వాయిదా వేసి వేసి, ఒకరోజు పొద్దున బండి తెచ్చి గోడకు ఆనించి నిలిపి, టీ తాగడానికి వెళ్ళాడు. బండిని కాస్త ముందుకు జరపాలి. డ్రైవరు వైపు తలుపు గోడకు తగులుతోందని మేస్త్రీ ఇటువైపు, ఆవిడ కూర్చునే వైపు తలుపు తీసి ఎక్కబోయాడు. ఎక్కుతూ ఊతం కోసం సీటు అంచు పట్టుకున్నాడు.

చేతికి అతుకు తగిలింది.

ఏడాది తిరగని సీటుకు అతుకేమిటి? వంగి చూశాడు. అరచేతంత ముక్క, అదే ఎరుపు, రెండు వరసల దగ్గరి కుట్టు. చివర ముడి కనబడలేదు. సీటు మీద కూర్చున్నవాడికే కాదు, పక్కన కూర్చున్నవాడికి కూడా కనబడని చోట వేసిన అతుకు. దాని మీద సన్నటి చీలికలు, చంద్రవంకల్లా, నాలుగు.

జేబులోంచి బ్లేడు తీసి దారం తెంపాడు. అతుకు కింద ఇంకో అతుకుంది. అదీ చిరిగే ఉంది. దాన్నీ తెంపాడు. అడుగున అసలు రెక్సిన్, గోళ్ళు దిగి దిగి పీలికలైపోయి ఉంది. దాని లోపలి నురుగు దిండు గుంటలు పడి, పొడి పొడిగా ఆయన చేతిలోకి రాలింది.

మిషను దగ్గర కూర్చోలేని మనిషి ఎప్పుడు కుట్టింది ఇది? చేతిసూదితో, బండి బయట ఆగి ఉన్న పూట, తాను కొలిమి దగ్గర ఉన్నప్పుడు, గోడ పట్టుకుని బండి దాకా నడిచి వచ్చి కుట్టి ఉంటుంది. తన నొప్పికి తానే అతుకు వేసుకుని, మళ్ళీ దాన్ని చించుకుని, మళ్ళీ అతుకు వేసింది. మేస్త్రీ ఆ తలుపు మెట్టు మీద కూలబడిపోయాడు. ఏడుపు వచ్చింది. ఏడవడం అలవాటు లేని మనిషి కావడంతో అది దగ్గులాగా వచ్చింది.

నిదానం టీ గ్లాసుతో తిరిగొచ్చి, బావ చేతిలోని ఎర్ర పీలికలు చూసి నిలబడిపోయాడు.

"నేనూ అడిగాను బావా. ప్రతిసారీ అడిగాను. కొంచెమే అంది."

"నాకూ అదే చెప్పింది."

"ఇంకా ఎంత నెమ్మదిగా నడపను బావా? నడిచిపోయేవాళ్ళు నన్ను దాటిపోతున్నారు."

"నీ నడపడంలో లేదురా తప్పు," అన్నాడు మేస్త్రీ. "నా పనిలో ఉంది. కట్టలు విప్పేస్తాను."

నిదానం ట్రైలరు వైపు చూశాడు. వంతెన కట్టేచోట దానికి పని కుదిరింది, పై వారమే వెళ్ళాలి. కట్టలు విప్పేస్తే దాన్ని లాగే బండి లేనట్టే. మేస్త్రీకి ఆ సంగతి తెలుసు. బావమరిది మొహం వైపు చూశాడు.

"దాన్ని లాగకపోతే అదేమైనా అలుగుతుందా?" అన్నాడు నిదానం. "విప్పు బావా. జాకీ నేనేస్తాను."

ఆ రోజు మేస్త్రీ తన చేతి పనినంతా తన చేత్తోనే విప్పాడు. ముందు తీసింది, అలవాటుగా ఎక్కువ వేసిన ఆ ఒక్క పట్టీ. తర్వాత అదనపు పట్టీలు, తర్వాత మందపాటివి. బండి వచ్చినప్పుడున్న పాత కట్ట వేస్తే సరిపోదు. అది కూడా సామాన్లు మోసే బండికి చేసిందే. మూలనున్న ఇనుప కుప్పలో వెతికి, ఎప్పుడో పడేసిన ఒక వ్యాను తాలూకు సన్నటి పొడవాటి పట్టీలు పైకి తీశాడు. వాటి తుప్పు గీకి, ఒక్కొక్కదాన్నీ అద్దంలా నునుపు చేసి, మధ్యలో గ్రీజు పూశాడు. పట్టీ మీద పట్టీ చప్పుడు లేకుండా జారాలి. టైర్లలో గాలి తగ్గించాడు. ఎంత తక్కువ పట్టీలతో కట్ట నిలబడుతుందో చూడటం ఆయనకిదే మొదటిసారి. పట్టీలు పెంచడమే తప్ప తగ్గించడం ఆ చేతులకు తెలియదు.

షెడ్డు వెనక గదిలోంచి ఆవిడ గొంతు వినబడింది. "ఎవరి బండయ్యా అది?"

"ఎవరిదో పాల వ్యాను."

"వేస్తున్నావా, తీస్తున్నావా?"

"వేస్తున్నాను."

"తీస్తున్న చప్పుడులా ఉందే!"

మేస్త్రీ తీసిన పట్టీని నేల మీద పడేయకుండా, చప్పుడు కాకుండా, గోనెపట్టా మీద పెట్టాడు.

చివరగా సీటు. పీలికలైన చోట నురుగు నింపి, మిగిలిపోయిన ఎర్ర ముక్క ఒకటి దొరికితే దాన్ని గోనెసంచులు కుట్టే దబ్బనంతో తానే కుట్టాడు. ఉక్కును వంచిన చేతికి రెక్సిన్ మాట వినలేదు. కుట్లు ఒకటి ఆకాశంలో, ఒకటి పాతాళంలో పడ్డాయి.

బండి వెనక తొట్టిలో ఏమైనా బరువుంటే ఇంకాస్త మెత్తబడుతుందని ఇసుక బస్తాలు వేశాడు. ఎన్ని వేయాలో తేల్చడానికి ఆవిడ బరువు కావాలి. గదిలోకి వెళ్ళి, ఏదో మాటల్లో అడిగినట్టు అడిగాడు.

"ఏమేవ్, ఎంతుంటావు నువ్విప్పుడు?"

"ఎందుకు, అమ్ముతావా?"

"చెప్పవే."

"ఎప్పుడూ ఉన్నంతే ఉన్నాను. మీ డ్రైవర్లు తగ్గించి చెప్తారు, నేను పెంచి చెప్పానంతే," అని నవ్వింది. నవ్వు సగంలో ఆగిపోయింది. ఒక చేత్తో మంచం పట్టె పట్టుకుంది. ఈసారి ఆయన ఆ చెయ్యి చూశాడు.

ఆసుపత్రి రోజు వచ్చింది. ఎప్పుడూ ఇద్దరూ చెరో వైపు పట్టుకుని నడిపించి ఎక్కించేవారు. ఆ రోజు మేస్త్రీ ఆవిడను రెండు చేతులతో ఎత్తుకున్నాడు. ఎత్తేటప్పుడు అలవాటుగా నడుము బిగించి, ఊపిరి పట్టాడు. అంత అవసరం లేకపోయింది. కుట్టుమిషను తల ఇంతకంటే బరువుంటుంది. ఏ బండి కింద దూరకుండానే, ఏ కట్టనూ చూడకుండానే ఆయనకు లెక్క తెలిసిపోయింది. ఆవిడ ఎన్నాళ్ళు ఉంటుందో కూడా అప్పుడే అర్థమైంది. ఆవిడను అలాగే ఎత్తి పట్టుకుని నిలబడిపోతే, బావమరిది వచ్చి తలుపు తీశాడు.

సీట్లో కూర్చోగానే ఆవిడ చెయ్యి తనంతట తానే అంచు కిందకు వెళ్ళింది. అక్కడ ఆగింది. వేళ్ళతో కుట్టును తడిమింది.

"ఈ కుట్టెవరిది? ఎలుకదా?"

మేస్త్రీ ముందుకే చూస్తున్నాడు. "నాదే."

నిదానం తాళం తిప్పలేదు.

"చూశావన్నమాట," అంది ఆవిడ.

"ఎందుకు చెప్పలేదే?"

"చెప్తే ఏం చేసేవాడివి? కట్టలు పీకేసేవాడివి. వీడి పని పోయేది. నా చేత్తో పెంచినవాడి కూడు నా నడుం కోసం తీసేయమంటావా?" ఊపిరి అందక ఆగింది. "అదీగాక, ఆ కట్టలు చూసుకుని ఎంత మురిసిపోయావు నువ్వు. నా నోటితో ఎలా చెప్పను?"

"అక్కా," అన్నాడు నిదానం.

"సరే పోనీ. తెలిసిందిగా. పోనివ్వరా బండి," అంది.

బండి కదిలింది. గుంతల్లోకి దిగి లేచినా, విసురు పైదాకా రావడం లేదు. నీళ్ళ మీద పోయినట్టు పోయిందని చెప్పను, రోడ్డు రోడ్డే. కానీ ఎగరేసి కొట్టడం పోయింది. మేస్త్రీ ఆవిడ చేతులు రెండూ తన కళ్ళ ముందు, ఒళ్ళో పెట్టుకోమన్నాడు. దారి పొడుగునా ఆ చేతుల్నే చూస్తూ కూర్చున్నాడు. అవి వదులుగా, వేళ్ళు విచ్చుకుని ఉన్నాయి. ఊరు దాటాక ఆవిడ తల ఆయన భుజం మీదకు ఒరిగింది. నిద్రపోయింది. ఆ దారిలో ఆవిడ నిద్రపోవడం అదే మొదలు. మేస్త్రీ కదల్లేదు. ముక్కు మీద ఈగ వాలినా తోలుకోలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆవిడను చూసి, మేస్త్రీని బయటి వరండాలోకి పిలిచింది. మంచి మనిషి, గొంతు తగ్గించి చెప్పింది. మందులు పనిచేయడం మానేశాయంది. నొప్పికి మాత్రలు రాసిస్తానంది. "ఇంక ఇంత దూరం తీసుకురాకండి. ఇంట్లోనే ఉండనివ్వండి," అంది.

మేస్త్రీ తల ఊపాడు. బండి ఇప్పుడే బాగుచేశానండీ అందామనుకున్నాడు. ఆ మాట ఎవరికి పనికొస్తుంది? ఇన్ని వారాలు తిరిగాక, సుఖంగా తిరగడానికి మిగిలింది ఒక్క తిరుగు ప్రయాణమే. ఆ గోడకు తల బాదుకోవాలనిపించింది. చొక్కా సర్దుకుని లోపలికి వెళ్ళాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆవిడ మెలకువగానే ఉంది. డాక్టరమ్మ ఏమందని అడగలేదు. దారిలో రైలుపట్టాలు దాటాలి. అక్కడ పట్టాలకూ రోడ్డుకూ మధ్య మెట్టు మెట్టుగా లేచి ఉంటుంది. ఎంత మెత్తటి కట్ట అయినా దాన్ని మింగలేదు. నిదానం దూరం నుంచే వేగం తగ్గించాడు. ఆవిడ వేళ్ళు ఒళ్ళోంచి కదిలి, సీటు అంచు కోసం వెతకడం మేస్త్రీ చూశాడు.

"దాన్ని కాదు," అన్నాడు. తన మణికట్టు ఆవిడ చేతి కింద పెట్టాడు. "నన్ను పట్టుకో."

"వద్దయ్యా."

"పట్టుకోవే. ఎంత ఉంటే అంత పట్టుకో. దాచకు."

ముందు చక్రాలు పట్టాల మీదకెక్కాయి. ఆవిడ పట్టుకుంది. వెనక చక్రాలు ఎక్కి దిగేటప్పుడు గోళ్ళు చర్మంలోకి దిగాయి. ఆ ఎముకల గూటిలో ఇంకా అంత బలం ఎక్కడ దాగిందో! నెత్తురు చెమ్మ పైకొచ్చింది. ఇన్ని వారాలుగా ఆ సీటు మోసిన బరువు ఎంతో ఆయనకు అప్పుడు తెలిసింది. ఆవిడ వదిలేదాకా చెయ్యి అలాగే ఉంచాడు.

"నొప్పెట్టిందా?" అంది ఆవిడ, వదిలాక, ఆ గుర్తుల మీద బొటనవేలితో రాస్తూ.

"కొంచెమే," అన్నాడు మేస్త్రీ.

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. ఈసారి ఇద్దరూ ఒకరినొకరు నమ్మలేదు. నిదానం బండి పక్కకు తీసి ఆపి, కిందకు దిగి, టైర్లు చూస్తున్నట్టు నటిస్తూ చాలాసేపు అటువైపు తిరిగి నిలబడ్డాడు.

ఆవిడ మళ్ళీ ఆ బండి ఎక్కలేదు. వానలు మొదలైన రోజుల్లో, షెడ్డు వెనక గదిలో, పగటిపూట, పక్క వీధిలో ఎవరో హారన్ కొడుతుండగా పోయింది. మేస్త్రీ కొలిమి చాలా రోజులు వెలిగించలేదు. తెర అవతల మిషను మీద, సగం కుట్టిన ఎవరిదో సీటు కవరు అలాగే ఉండిపోయింది. సొంతదారు వచ్చి అడగలేకపోయాడు.

నిదానం కట్టల మాట ఎత్తలేదు. ట్రైలరు షెడ్డు పక్కనే గాలి దిగిన టైర్లతో పడి ఉంది, దాని కింద గడ్డి మొలిచింది. ఒకరోజు మేస్త్రీయే కబురు పెట్టాడు. "బండి తీసుకురా. గట్టి కట్టలు వేసేస్తాను. నీ కూడు పోతుందని నోరు మూసుకున్న మనిషి మీ అక్క. నువ్వు పస్తులుంటే అది నన్ను ఊరికే వదులుతుందా?"

పట్టీలన్నీ గోనెపట్టా మీద పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. అదే వరసలో మళ్ళీ వేశాడు, బోల్టులు బిగించాడు. జాకీ దించగానే బండి వెనక భాగం పాత ఎత్తుకు లేచి, బిగదీసుకుని నిలబడింది. "సీటు కూడా మార్పిద్దామా బావా?" అన్నాడు నిదానం, ఆ అంచు వైపు చూడకుండా. వద్దన్నాడు మేస్త్రీ.

మణికట్టు మీది నాలుగు గుర్తులు మాత్రం మానిపోయాయి. మంచి చర్మం, త్వరగా మానింది. అంత త్వరగా మానినందుకు ఆయనకు తన ఒంటి మీదే కోపం వచ్చింది. బండి వచ్చినప్పుడల్లా సీటు అంచును ఓసారి తడిమి చూసుకునేవాడు. అక్కడైతే ఇంకా ఉన్నాయి, ఆయన ఎలుక కుట్టు కింద.

పని మళ్ళీ మొదలైంది. ఒకరోజు ఇటుకలు తోలే డ్రైవరొకడు వచ్చాడు.

"ఎంత బరువేస్తావు?" అని అడిగాడు మేస్త్రీ.

"ఎంతో లేదు మేస్త్రీ. కొంచెమే," అన్నాడు వాడు, రోడ్డు వైపు చూస్తూ.

వెనకటి రోజుల్లో అయితే నవ్వి బండి కిందకు దూరేవాడు. ఆ రోజు చేతిలోని పానా కింద పెట్టాడు. మసి చేతులు గుడ్డకు తుడుచుకుని, ఒక స్టూలు లాగి వాణ్ణి కూర్చోబెట్టి, ఎదురుగా తానూ కూర్చున్నాడు.

"కొంచెమంటే ఎంత నాయనా?" అన్నాడు. "ఇటు చూసి చెప్పు. నేనేమీ అనను."

ముసలాయన కళ్ళలో నీళ్ళు చూసి వాడు కంగారుపడ్డాడు. గొంతు సవరించుకుని, ఉన్న బరువు ఉన్నట్టు చెప్పేశాడు. ఆ ప్రశ్న ఇంకో మనిషిని అడగాల్సింది. ఇలాగే కూర్చోబెట్టి, ఇలాగే మొహంలోకి చూసి, మొదటి వారమే అడగాల్సింది. అడిగి ఉంటే చెప్పేదో లేదో ఇప్పుడెవరికి తెలుసు?

మేస్త్రీ లేచి పట్టీలు ఏరడం మొదలుపెట్టాడు. వాడు నిజమే చెప్పాడని తెలిసినా, ఒక పట్టీ ఎక్కువే వేశాడు.